రెండు వేళ్లు క్లచ్ మీదే

తెనాలి దగ్గర ఓ పల్లెటూరు. పెంకుటింటి వెనక పశువుల కొట్టం, మూలన ఊక బస్తాలు. పెద్దాయన ఒక్కో బస్తా పక్కకు లాగుతుంటే దుమ్ము నీ గొంతులోకి పోతుంది. దగ్గు ఆపుకుంటూ నువ్వూ ఓ చెయ్యి వేస్తావు. చివరి బస్తా వెనక గుండ్రటి హెడ్‌లైటు బయటపడుతుంది. అద్దం పగల్లేదు. టైర్లలో గాలి లేదు, రిమ్ములు నేలకు ఆనుకున్నాయి. ట్యాంకు మీద వేలితో రాస్తే ఎరుపు రంగు తేలుతుంది. యమహా ఆర్‌ఎక్స్ 100, 1993 మోడల్.

"మావాడిది బాబూ. అమెరికా వెళ్లాక ఎవరూ తియ్యలేదు" అంటాడు పెద్దాయన.

ఎరుపు చూసి మోజు పడకు. ముందు మోకాళ్ల మీద కూర్చో. కిరసనాయిలు గుడ్డతో హ్యాండిల్ కింద ఫ్రేము మెడను గట్టిగా రుద్దు. మట్టి పోయి ఛాసిస్ నంబరు అంకెలు తేలతాయి. ఇంజిను మీద ఇంకో నంబరు ఉంటుంది. రెండూ పెద్దాయన చేతిలో ఉన్న పాత ఆర్‌సీతో ఒక్కో అంకె సరిచూడు. ఒక్క అంకె తేడా వచ్చినా దండం పెట్టి లేచి వచ్చెయ్. బాగున్న ఆర్‌ఎక్స్ ఇప్పుడు లక్ష దాటి పలుకుతోంది కాబట్టి, ఒక బండి ఇంజినూ ఇంకో బండి ఫ్రేమూ కలిపి అమ్మేవాళ్లు తక్కువేం లేరు. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. ఇది ఎప్పుడో 2008లో ఆగిపోయింది. బకాయిలు కట్టి, బండి తీసుకెళ్లి చూపించాలి. నంబర్లు కలిస్తేనే అదైనా కుదిరేది.

కలిశాయి.

కిక్ రాడ్ మీద చేత్తో నొక్కుతావు. కదలదు. ఇక్కడే చాలామంది ఎక్కి నిలబడి బలంగా తొక్కుతారు. నువ్వు తొక్కకు. ఏళ్ల తరబడి కదలని పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండరు గోడకు అతుక్కుని ఉంటాయి. బలవంతం చేస్తే రింగు విరుగుతుంది, విరిగిన ముక్క గోడను చీరేస్తుంది. ప్లగ్ పానాతో ప్లగ్ ఊడదీసి, ఆ కంతలోంచి కాస్త డీజిలూ ఆయిలూ కలిపి పొయ్యి. కంతలో గుడ్డ కుక్కు. బండిని ట్రాలీ ఆటో ఎక్కించు.

విజయవాడ ఆటోనగర్. గేర్ బాక్సుల కుప్పలు, వెల్డింగ్ మెరుపులు, లారీ బాడీల మీద సుత్తి దెబ్బలు. వీధి చివర రేకుల షెడ్డులో మేస్త్రీ ఉన్నాడు. అందరికీ బాబాయే, నీకూ బాబాయే. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "రోడ్డుకా, రేసుకా?" అని అడుగుతాడు.

"రెంటికీ, బాబాయ్."

"అయితే ముందు ఆపడం చూద్దాం అబ్బాయ్. లేపడం తర్వాత."

నీకు ఇంజిను విప్పాలని చేతులు ఆడుతున్నాయి. బాబాయ్ మాత్రం ముందు చక్రం విప్పమంటాడు. ముందు బ్రేకు డ్రమ్ము తెరవగానే బూడిద రంగు పొడి ఒళ్లో పడుతుంది. లైనర్లు గాజులా మెరుస్తున్నాయి. మెరుపు ఉంటే పట్టు ఉండదు. డిస్క్ వేసేద్దామా? వేస్తే ముందు ఫోర్కు మారాలి, హబ్ మారాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. ఈ బండి రోడ్డు మీదా తిరగాలి. డ్రమ్మే ఉంచు. కానీ ఉన్న డ్రమ్ము పూర్తిగా పనిచేసేలా చెయ్యి.

డ్రమ్ము లోపల సుద్దముక్కతో రుద్ది, కొత్త లైనర్లు పెట్టి, చక్రం తిప్పి బ్రేకు పట్టు. విప్పి చూస్తే లైనరు మీద సుద్ద అంటిన చోటే డ్రమ్ము తాకుతున్నట్టు. రెండు చివర్లా తెల్లగా ఉంది, మధ్యలో ఏమీ లేదు. అంటే సగం బ్రేకే పనిచేస్తోంది. ఎత్తుగా ఉన్న చోట ఎమెరీతో రుద్దు. మళ్లీ సుద్ద, మళ్లీ తిప్పు, మళ్లీ విప్పు. చెయ్యి నొప్పి పుడుతుంది. లైనరంతా తెల్లబడేదాకా ఆపకు. తర్వాత, బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు డ్రమ్ము మీది లివరూ కేబులూ సరిగ్గా లంబకోణంలో ఉన్నాయేమో చూడు. కోణం తప్పితే నీ వేళ్ల బలంలో కొంత కేబుల్లోనే పోతుంది. ఈ పనికి ఒక సాయంత్రం పడుతుంది. బండి మీద నువ్వు పెట్టే సమయంలో ఇంతకన్నా విలువైన సాయంత్రం ఉండదు.

టైర్ల పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. దుకాణంలో కొత్తవి కొనేటప్పుడూ ఆ అంకెలు చూసే కొను. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పితే సరిగ్గా మధ్యలో చిన్నగా అడ్డం తగులుతుంది. హ్యాండిల్ తిరిగే బేరింగు, కోన్ సెట్, పోయింది, మార్చాలి. ఫోర్కు సీళ్లు, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, చైన్, కేబుళ్లు, అన్నీ కొత్తవే. ట్యాంకులో గుప్పెడు నట్లు వేసి, వెనిగర్ పోసి, తుప్పు రాలేదాకా ఊపు.

ఇప్పుడు ఇంజిను.

హెడ్డు మీద నాలుగు నట్లు. విప్పి, సిలిండరును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఊపుతూ పైకి లాగు. డీజిలు పని చేసింది, జారుతూ వచ్చేస్తుంది. పిస్టన్ నెత్తి మీద నల్లటి మసి పెచ్చుకట్టింది. బోరు గోడ మీద గోరు ఆనించి కిందికి లాగు. ఒకచోట గోరు తట్టుకుంటుంది. తుప్పు తిన్న గుంట. లేతు షాపులో బోరు కొట్టించి, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వెయ్యాలి.

లేతు మేస్త్రీకి సిలిండరు ఒక్కటే ఇచ్చి వచ్చెయ్యకు. కొత్త పిస్టన్ కూడా ఇవ్వు. పిస్టన్‌ను కొలిచాకే బోరు కొట్టాలి. రెంటి మధ్యా ఉండాల్సిన సందు మిల్లీమీటరులో వందో వంతులు మూడో నాలుగో, నీ తలవెంట్రుక మందంలో సగం. ఎక్కువైతే పిస్టన్ గలగలలాడుతుంది. తక్కువైతే ఏమవుతుందో ట్రాక్ మీద తెలుస్తుంది.

"పోర్టింగ్ కూడా చేసేద్దామా? రాకెట్‌లా పోద్ది" అంటాడు లేతు షాపు కుర్రాడు, గ్రైండరు చేతిలో పట్టుకుని. మనసు లాగుతుంది. వద్దను. పోర్టు, అంటే సిలిండరు గోడలోని కంత, ఒకసారి కోశాక మళ్లీ అతకదు. 1985లో ఎస్కార్ట్స్, యమహా కలిసి తెచ్చిన ఈ 98 సీసీ బండి 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్ ఇచ్చేది. బరువు వంద కిలోలకు అటూ ఇటూ. ఆ లెక్కే దీని బలం. కాలుష్య నిబంధనలు బిగిసి 1996లో తయారీ ఆగేదాకా కుర్రకారు దీని వెనక పడింది ఆ లెక్క చూసే. కంపెనీ పెట్టిన కొలతలకు దీన్ని నిజంగా చేర్చగలిగితే చాలు. ఇప్పుడు రోడ్డు మీద తిరుగుతున్న ఆర్‌ఎక్స్‌లలో ఆ కొలతలకు దగ్గరగా ఉన్నవే తక్కువ.

కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడు. ఆట అస్సలు ఉండకూడదు. పక్కలకు కాస్త కదిలితే పర్వాలేదు. ఇది బాగుంది. బాబాయ్ ఎడమవైపు మ్యాగ్నెట్ విప్పి, దాని వెనక ఉన్న క్రాంక్ సీలును స్క్రూడ్రైవరుతో పెకలించి నీ అరచేతిలో పెడతాడు. రబ్బరు. పెదవి గట్టిపడి, పగుళ్లిచ్చి, పెళుసుగా ఉంది. నువ్వు మడిస్తే విరుగుతుంది.

"టూ స్ట్రోక్ బండ్లను చంపేది ఇదే" అంటాడు.

ఎందుకు? ఈ ఇంజిన్లో పెట్రోలూ గాలీ ముందు క్రాంక్ గదిలోకి వెళ్లి, అక్కణ్నుంచే పైకి ఎక్కుతాయి. పెట్రోల్లో కలిసిన ఆయిలే బేరింగులకూ పిస్టన్‌కూ తడి. క్రాంక్ గదికి కంటికి కనబడని చిల్లు పడినా బయటి గాలి లోపలికి పోతుంది. గాలి పెరిగితే పెట్రోలు పాలు తగ్గినట్టే. వేడి పెరుగుతుంది. అల్యూమినియం పిస్టన్, ఇనుప బోరు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఆ వెంట్రుకలో సగం సందు మూసుకుపోతుంది. ఎడమ సీలు పోతే గాలి పీలుస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ పీల్చి తెల్లటి పొగ కక్కుతుంది. ఎంత మంచి పిస్టన్ వేసినా ఈ రెండు సీళ్లూ కార్బొరేటరు రబ్బరూ మార్చకపోతే డబ్బు బూడిదలో పోసినట్టే.

కొత్త పిస్టన్ నెత్తి మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు తిప్పు. రింగు గాడిలో చిన్న పిన్ను ఉంది. రింగు రెండు కొసలూ దానికి అటూ ఇటూ వచ్చేలా పెట్టు. లేకపోతే కొస తిరిగి తిరిగి పోర్టులోకి జారి తగులుకుంటుంది. వేళ్లతో రింగు నొక్కి పట్టుకుని సిలిండరు దించు. ఊపిరి బిగబట్టావు. జారింది. వదులు.

కిక్ కొడతావు. ఏమీ లేదు. మళ్లీ. మళ్లీ. చోక్ లాగి మళ్లీ. ఒక్క దగ్గు. ఇంకోటి కొట్టగానే షెడ్డంతా నీలం పొగ, గరగరమంటూ ఆ గొంతు. పక్క షాపులవాళ్లు తల తిప్పి చూస్తారు. ఒకాయన నవ్వుతూ నడిచి వస్తాడు. నీ కళ్లు మండుతున్నాయి, పొగ వల్లే అనుకుంటావు.

యాక్సిలరేటర్ ఒకసారి తిప్పి వదులు. చెవి పెట్టి విను. ఇంజిను వెంటనే నెమ్మదించాలి. వదిలాక కూడా పైనే వేలాడుతూ ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. వదులుతావు. టక్కున దిగుతుంది. బాబాయ్ మొదటిసారి తల ఊపుతాడు.

తర్వాత కొన్ని వారాలు కరకట్ట మీద. ప్రకాశం బ్యారేజీ దాటి కృష్ణ పక్కనే, పొద్దున్నే, వాహనాలు లేని వేళ. సగం యాక్సిలరేటర్ దాటకు. ఒకే వేగంలో ఉంచకు. వేడెక్కనివ్వు, ఆపు, చల్లారనివ్వు. రోడ్డు బండిగా ఇది సిద్ధం. కాగితాలు వచ్చాయి, అద్దాలున్నాయి, కంపెనీ సైలెన్సరే ఉంది. బ్రేకు నొక్కితే ముందు టైరు కిర్రుమంటుంది. గుంట ముందు కుక్క అడ్డొచ్చినా నీకు భయం లేదు.

ఇక రెండోది, రేసు.

శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై. చెన్నై–బెంగళూరు హైవే పక్కనే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారి రేస్ ట్రాక్. 1990లో మొదలైంది, అంతకు ముందు షోళవరం ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు జరిగేవి. చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. రాత్రంతా టాటా ఏస్‌లో ఒంగోలు, నెల్లూరు, సూళ్లూరుపేట దాటుకుంటూ వచ్చావు. జనవరి తెల్లవారు. వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

అద్దాలు ఊడదియ్యి. నంబర్ ప్లేటూ స్టాండూ తియ్యి. హెడ్‌లైటుకూ ఇండికేటర్లకూ టేపు వెయ్యి, పగిలినా ముక్కలు ట్రాక్ మీద రాలకూడదు. ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు సన్నటి తీగ చుట్టి బిగించు. ఆ బోల్టు ఊడితే కారే ఆయిల్ నీ వెనక వచ్చేవాణ్ని పడేస్తుంది. తోలు సూటు, బూట్లు, గ్లవుజులు, వీపు కవచం, ముఖం మూసే హెల్మెట్. తనిఖీ చేసే ఆయన నీ ముందు చక్రం పట్టి ఊపుతాడు, బ్రేకు లివరు నొక్కి చూస్తాడు, స్టిక్కరు అంటిస్తాడు.

పెట్రోల్లో ఆయిల్ కలిపే పంపును నమ్మాలా? దాని పైపులో ఒక్క గాలి బుడగ ఉన్నా ఆ క్షణం పిస్టన్ ఎండిపోతుంది. అందుకే ఇవాళ పంపు పని పంపుదే, పైగా నువ్వు కూడా లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ టీ ఆయిల్ కలుపుతున్నావు. పొగ ఎక్కువొస్తుంది. రానీ.

"రెండు వేళ్లు క్లచ్ మీదే ఉంచు" అంటాడు బాబాయ్. ఇంకేం చెప్పడు.

మొదటి చుట్టు మెల్లగా. టైర్లు చల్లగా ఉన్నాయి. నీ పక్కనుంచి పెద్ద బండ్లు రివ్వుమని దూసుకుపోతాయి. గాలి తోపుకు నీ బండి ఊగుతుంది. నీలం జెండా చూపిస్తారు, వెనక వేగంగా వస్తున్నారని. నీ గీత మీద నువ్వు ఉండు, తప్పుకోవడం వాళ్ల పని. మలుపుల్లో మాత్రం లెక్క మారుతుంది. వంద కిలోల బండి. వాళ్లు బ్రేకు పట్టిన చోట నువ్వింకా పట్టలేదు. లోపలి వైపు దూరుతావు. హెల్మెట్ లోపల నీకు తెలియకుండానే అరుస్తున్నావు.

చివరి మలుపు. మెయిన్ స్ట్రెయిట్. ట్యాంకు మీద పడుకో. గడ్డం ట్యాంకుకు ఆనించు. యాక్సిలరేటర్ కొసదాకా. నాలుగో గేరు. స్పీడోమీటరు ముల్లు వంద దగ్గర వణుకుతోంది. సెకనుకు 28 మీటర్లు. నీ కడుపు కింద పిస్టన్ సెకనుకు 125 సార్లు పైకీ కిందికీ. రోడ్డు మీద ఇంతసేపు కొసదాకా ఎప్పుడూ పట్టలేదు. ఎక్కడ పడతావు? ఎద్దు వస్తుంది, ఆటో వస్తుంది, వదులుతావు. ఇక్కడ ఏదీ రాదు.

శబ్దం మారింది.

చాలా కొంచెం. గొంతు బిగుసుకున్నట్టు. ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు.

క్లచ్!

వేళ్లు ముందే అక్కడున్నాయి. నొక్కావు. ఇంజిను చచ్చింది. చక్రం తిరుగుతోంది. వెనక చక్రం తిరుగుతోంది. అదొక్కటే చూసుకో. బ్రేకు కొట్టకు. హ్యాండిల్ తిప్పకు. వెనక ఎవరున్నారో తెలీదు. ఎడమ కాలు బయటికి చాపు. కనబడనీ. ఒకటి కుడివైపు నుంచి పోయింది. ఇంకోటి. మెల్లగా పక్కకు. మెల్లగా. క్లచ్ వదలకు. వేలు కూడా వదలకు. గడ్డి. ఆగింది.

పసుపు జెండా ఊగుతోంది. మార్షల్ చెయ్యి ఊపి గోడ వెనక్కి రమ్మంటున్నాడు. నీ మోకాళ్లు వణుకుతున్నాయి. అర సెకను ఆలస్యమై ఉంటే వెనక చక్రం బిగుసుకుపోయేది. తర్వాత సంగతి నీకు తెలుసు.

పిట్‌లో ప్లగ్ విప్పుతావు. పింగాణీ సున్నంలా తెల్లగా ఉంది. పెట్రోలు చాలలేదు. బాబాయ్ దాన్ని ఎండకు తిప్పి చూస్తాడు. పింగాణీ మీద వెండి చుక్కలుంటే పిస్టన్ కరిగినట్టు. లేవు. కరకట్ట మీద ఇదే ప్లగ్ చక్కటి గోధుమ రంగులో వచ్చేది. ఇక్కడ అంత పొడవునా కొసదాకా పట్టావు. చల్లటి తెల్లవారి గాలి చిక్కగా ఉంటుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, కార్బొరేటరులో పెట్రోలు కొలిచి వదిలే జెట్టు 1993 లెక్కది, దానికి చాలదు.

నువ్వు కిక్ కొట్టి చూస్తావు. ఇంజిను తిరుగుతుంది! తర్వాతి సెషన్‌కు ఇంకా టైముంది. జెట్టు మార్చి వెళ్లిపోవచ్చు కదా?

"విప్పుదాం" అంటాడు బాబాయ్.

అక్కడే గోనెపట్టా పరిచి నాలుగు నట్లు విప్పుతారు. సిలిండరు పైకి వస్తుంది. పిస్టన్ సైలెన్సర్ వైపు ముఖం మీద గోరు వెడల్పున నిలువు చార, అల్యూమినియం పూసినట్టు. రింగును వేలితో నొక్కు. స్ప్రింగులా తిరిగి లేస్తుంది, పట్టుకోలేదు. బోరు మీద గోరు లాగు. ఎక్కడా తట్టదు. పట్టీ పట్టనట్టు పట్టి వదిలేసింది. సన్నటి ఎమెరీ తడిపి ఆ చారను మెత్తగా రుద్దుతావు. రుద్దిన పొడి ఒక్క రేణువు మిగలకుండా పెట్రోలుతో కడుగుతావు. కొత్త ప్యాకింగ్. నట్లు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగింపు. కార్బొరేటరులో మెయిన్ జెట్టు రెండు సైజులు పెద్దది. ఒక సెషన్ పోయింది. పోనీ.

మధ్యాహ్నం. తారు మీద ఎండ లేస్తోంది. మూడు చుట్లు సగం యాక్సిలరేటర్‌లోనే తిరుగుతావు. చెవి ఇంజిను మీదే. నాలుగో చుట్టు. స్ట్రెయిట్. గడ్డం ట్యాంకుకు ఆనింది. రెండు వేళ్లు క్లచ్ మీద. పట్టాలా? సగం దాకా? మూడొంతులా?

పడతావు. కొసదాకా.

వంద. శబ్దం మందంగా, ఒకే తీరుగా. ఇంకా ఒకే తీరుగా. స్ట్రెయిట్ అయిపోవస్తోంది. క్లచ్ నొక్కి, కీ ఆపేసి, అలాగే జారుతూ పిట్ దారిలోకి తిప్పుతావు. కొసదాకా పట్టి అక్కడికక్కడే ఇంజిను ఆపితేనే ప్లగ్ నిజం చెబుతుంది. కాస్త నెమ్మదిగా నడిపావంటే రంగు మారిపోతుంది.

బాబాయ్ చేతిలో పానా సిద్ధంగా ఉంది. కాలే ప్లగ్‌ను గుడ్డతో తిప్పి తీసి నీ ముఖం ముందు పెడతాడు. గోధుమ రంగు, అంచున కాస్త ముదురుగా.

"ఇంకో సెషన్ ఉంది. పెట్రోలు కలుపు" అంటాడు.